అర్జునా నది నీటి లెక్క ఎవరి దగ్గరుంది?

తమిళనాడు బాణసంచా ఊరు శివకాశి పేరెత్తితే దేశం ముందు పొగ గురించి మాట్లాడుతుంది. దీపావళి దగ్గర పడిందంటే ఢిల్లీ గాలి, 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పు, బేరియం నిషేధం, గ్రీన్ క్రాకర్లు. అన్నీ పైకి లేచేవాటి కబుర్లే. నేలలోకి ఇంకేవాటి మీద అంత గోల ఎన్నడూ వినలేదు.

2013లో ఓ అంతర్జాతీయ శాస్త్ర పత్రికలో ఒక పరిశోధన పత్రం వచ్చింది. జపాన్‌లోని ఎహిమె విశ్వవిద్యాలయం వాళ్లు తమిళనాడు పరిశోధకులతో కలిసి చేసిన పని అది. బాణసంచా తయారయ్యే ప్రాంతంలో భూగర్భ జలాల్లో పర్‌క్లోరేట్ ఎంత ఉందో కొలిచారు. పర్‌క్లోరేట్ అంటే టపాసు మందు మండడానికి ఆక్సిజన్ అందించే ఉప్పు. నీళ్లలో ఇట్టే కరుగుతుంది. ఒంట్లోకి చేరితే థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది. ఎక్కువ నమూనాల్లో అది తక్కువే ఉంది. కానీ ఒక నమూనాలో మాత్రం లీటరుకు 7 వేల మైక్రోగ్రాములు దాటింది. అమెరికా పర్యావరణ సంస్థ అప్పటికి తాగునీటికి పెట్టుకున్న సలహా హద్దు 15 మైక్రోగ్రాములు. శివకాశిని నెహ్రూ ‘కుట్టి జపాన్’ అన్నారని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆ చిన్న జపాన్ నీళ్లు కొలవడానికి పెద్ద జపానే దిగిరావలసి వచ్చింది.

ఇప్పుడు ఇదే సంఖ్యను మన ప్రభుత్వ కాగితాల్లో వెతకండి. తాగునీటికి మన భారతీయ ప్రమాణంలో పర్‌క్లోరేట్ అనే వరసే లేదు. కార్ఖానాలు వదిలే నీటికి కేంద్రం పెట్టిన సాధారణ ప్రమాణాల పట్టికలోనూ లేదు. లేని వరసను ఏ ఇంజనీరూ నింపడు. నీటి కాలుష్యపు అనుమతులూ వాటి అమలూ మామూలు మనిషికి ఎంతవరకు అందుతాయన్నది ఈ సమీక్ష విషయం. సమాచారం దాస్తున్నారా అన్న ప్రశ్నకంటే ముందు, అసలు పుట్టిందా అన్న ప్రశ్న వేసుకోవాలని శివకాశి నాకు నేర్పింది.

ఊరి సంగతి కొంచెం. తిరుత్తంగల్ శివకాశిని ఆనుకునే ఉంటుంది. వైష్ణవులకు 108 దివ్యదేశాల్లో ఒకటి, నిన్ర నారాయణ పెరుమాళ్ కొలువైన కొండ. ఆ కొండ చుట్టూ అగ్గిపెట్టెలు, టపాసులు, అచ్చు పనులు. 2021లో దాని మునిసిపాలిటీ రద్దయి శివకాశి కార్పొరేషన్‌లో కలిసింది. దగ్గర్లోనే అర్జునా నది మీద ఆనైకుట్టం ఆనకట్ట ఉంది. ఆ నది గొల్వార్‌పట్టి జలాశయం మీదుగా సాగి, ఇరుక్కన్‌కుడి మారియమ్మ గుడి దగ్గర వైప్పారులో కలుస్తుంది. వైప్పారు తూత్తుక్కుడి జిల్లాలో మన్నారు సింధుశాఖను చేరుతుంది. విరుదునగర్ పక్కన పారే కౌశిక నదిదీ ఈ కుటుంబమే.  నది అన్నానే గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ ఇసుకే. ఎండిన నదిలో నీళ్లు పారుతున్నాయంటే అవి వాన నీళ్లు కావు, ఎవరో ఒకరు వదిలినవి.

ఈ కరిసల్ (నల్లరేగడి) నేల మీద తెలుగు ఇళ్లు తరాలుగా ఉన్నాయి. కోవిల్పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌కు ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. ఆయన ‘గోపల్ల గ్రామం’ తెలుగువాళ్లు ఇక్కడికి వలస వచ్చిన కథే. నాయుళ్లు, నాయకర్లు, రెడ్డియార్ల ఇళ్లలో మాట తెలుగు, బడి చదువు తమిళం, కార్ఖానా కాగితం ఇంగ్లీషు. చెరువును కణ్మాయి అంటారు, తాగునీటి గుంటను ఊరణి అంటారు, కాలుష్య బోర్డు వెబ్‌సైటులో ఈ రెండు మాటలూ దొరకవు.

చట్టం దగ్గరకు వద్దాం. నీరు రాష్ట్రాల విషయం కనుక పార్లమెంటు 1974 నాటి నీటి కాలుష్య చట్టాన్ని కొన్ని రాష్ట్రాల తీర్మానాల ఆసరాతో చేసింది. తమిళనాడు కాలుష్య నియంత్రణ బోర్డు 1982 ఫిబ్రవరి 27న ఏర్పడింది. చట్టం 25వ సెక్షన్ ప్రకారం బోర్డు కన్సెంట్ (అనుమతి) లేకుండా ఎవరూ వ్యర్థ జలాలను వాగులోకో, బావిలోకో, మురుగు కాలువలోకో, నేల మీదికో వదలకూడదు. ఇంతవరకు అందరికీ తెలుసు. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది అదే సెక్షన్‌లోని 6వ ఉపసెక్షన్. ప్రతి రాష్ట్ర బోర్డూ తాను పెట్టిన షరతులతో ఒక రిజిస్టరు ఉంచాలి. ఆ తూము వల్ల, ఆ స్థలం వల్ల బాధపడేవాళ్లు గానీ, సంబంధం ఉన్నవాళ్లు గానీ, వాళ్లు పంపిన మనిషి గానీ పనివేళల్లో వెళ్లి అందులో తమకు సంబంధించిన భాగం చూసుకోవచ్చు. ఆ రిజిస్టరులో ఉన్న షరతే షరతు, కోర్టులో దానికి తిరుగులేదు.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దానికి 31 ఏళ్ల ముందే, దరఖాస్తు, రుసుము, 30 రోజుల గడువు ఏవీ లేకుండా, తూము పక్క పొలం రైతుకు ఈ తలుపు తెరిచి ఉంది. జిల్లా పర్యావరణ ఇంజనీరు ఆఫీసుకు వెళ్లి ‘25(6) రిజిస్టరు చూపండి’ అని అడిగినవాళ్లు ఎంతమంది? నా అనుమానం, ఆ మాట వింటే కొన్ని చోట్ల ఆఫీసువాళ్లే చట్టం పుస్తకం తిరగేస్తారు. వాడకపోతే హక్కు కూడా తుప్పు పడుతుంది.

కన్సెంట్ కాగితంలో ఏముంటుందో తెలియకపోతే అడగడం కూడా రాదు. కార్ఖానా పెట్టేముందు ఒక అనుమతి, నడిపేందుకు మరో అనుమతి. తమిళనాట వాటిని సీటీఈ, సీటీఓ అంటారు, ఆంధ్ర, తెలంగాణల్లో సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ. పేరులో ఈ ఒక్క అక్షరం తేడా వల్ల వెతుకులాట దారి తప్పిన సందర్భాలున్నాయి. నడిపే అనుమతిలో గరిష్ఠ ఉత్పత్తి ఎంత, రోజుకు ఎన్ని కిలోలీటర్ల వ్యర్థ జలాలు, ఏ తూము ద్వారా, చివరికి ఎక్కడికి అన్నవి ఉంటాయి. ఆపైన హద్దుల పట్టిక. ఉపరితల జలాల్లోకి వదిలే నీటికి మామూలుగా బీవోడీ (మలినాలను జీవులు కుళ్లబెట్టడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీవోడీ (రసాయనికంగా పట్టే ఆక్సిజన్) 250, తేలే మలినాలు 100, పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య. పరిశ్రమను బట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు వర్గాలు 2016 నుంచి ఉన్నాయి, 2025లో నీలం వచ్చి చేరింది. వర్గం పలుచనైన కొద్దీ తనిఖీ కూడా పలుచనవుతుంది.

కార్ఖానాలన్నీ ఇప్పుడు ఓసీఎంఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోనే అనుమతులకు దరఖాస్తు చేస్తాయి. కనుక కన్సెంట్ తాలూకు సమాచారం కంప్యూటరులో పుడుతోంది, ఇది మంచిదే. కానీ అది పుట్టింది దరఖాస్తుదారుడి సౌకర్యం కోసం. పొరుగువాడు ఏ వైపు నుంచి వెతకాలో అందులో ఆలోచించినట్టు కనబడదు. రైతుకు తెలిసింది సర్వే నంబరు, కాలువ పేరు, వాసన. వ్యవస్థకు తెలిసింది కంపెనీ పేరు, దరఖాస్తు నంబరు. పైగా తిరుత్తంగల్ పేరును ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. ఒక రకంగా వెతికితే దొరకనిది ఇంకో రకంగా దొరుకుతుంది. 2021 విలీనం తర్వాత కొన్ని చిరునామాలు కార్పొరేషన్ పేరుతో, కొన్ని పాత ఊరి పేరుతో ఉంటాయి. చిన్న సంగతే, కానీ సమాచారం ఉందా లేదా అన్నది చాలాసార్లు ఇలాంటి చోటే తేలిపోతుంది.

పెద్ద ప్రాజెక్టుల దారి వేరు. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కిందికి వచ్చేవి 2018లో మొదలైన పరివేష్ పోర్టల్‌లో కనిపిస్తాయి. ప్రభావ నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్, ఆరు నెలలకోసారి కంపెనీ ఇచ్చే షరతుల నివేదిక, అన్నీ చదువుకోవచ్చు. శివకాశిలో ఇలాంటివి తక్కువ. ఇక్కడ కథంతా చిన్న షెడ్లది. బాణసంచాకు పేలుడు పదార్థాల లైసెన్సు ఇచ్చేది పెసో అనే కేంద్ర సంస్థ, దాని పరిశోధన కేంద్రం శివకాశిలోనే ఉంది. కానీ అది చూసేది నిప్పు ప్రమాదం, నీళ్లు కాదు. నిప్పు లైసెన్సు గోడకు తగిలించి ఉంటే నీటి కన్సెంట్ కూడా ఉన్నట్టేనని జనం అనుకోవడం సహజం.

ఇంతవరకు అనుమతి. అమలు సంగతికొస్తే పోర్టళ్లు ఒక్కసారిగా మూగబోతాయి.

అమలుకు మొదటి మెట్టు శాంపిల్. నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం అధికారి కార్ఖానా వాళ్లకు అప్పటికప్పుడు నోటీసిచ్చి, వాళ్ల ఎదుటే నీళ్లు పట్టి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు తీసుకోవాలి. ఈ పద్ధతిలో ఒక్కటి తప్పినా ఆ ఫలితం కోర్టులో సాక్ష్యంగా నిలవదు. తర్వాత షోకాజ్ నోటీసు, ఆపైన 33ఏ సెక్షన్ కింద మూసివేత ఆదేశం, కరెంటు కోత. ప్రతి మెట్టూ ఒక కాగితాన్ని పుట్టిస్తుంది. తారీఖులన్నీ ఒకే పుట మీద పెడితే కార్ఖానా చరిత్ర తెలిసిపోతుంది. ఎప్పుడు శాంపిల్ తీశారు, ఎంత వచ్చింది, ఎన్నాళ్లకు నోటీసు, ఎన్నాళ్లకు కరెంటు కోశారు, ఎన్నాళ్లకు మళ్లీ ఇచ్చారు. అలా పెట్టిన పుట నేను వెతికినంతలో ఒక్క బోర్డు దగ్గరా కంటపడలేదు. మూసివేత ఉత్తర్వు దొరికితే మళ్లీ తెరిచిన ఉత్తర్వు దొరకదు. రెండూ దొరికితే మధ్యలో ఏం బాగుపడిందో చెప్పే శాంపిల్ నివేదిక దొరకదు.

డబ్బు లెక్క చూడండి. పర్యావరణ పరిహారం వసూలుకు కేంద్ర బోర్డు ఒక సూత్రం పెట్టింది. కాలుష్య సూచిక, ఉల్లంఘన జరిగిన రోజులు, రూపాయి గుణకం, పరిశ్రమ పరిమాణం, ఊరి స్థానం, ఈ ఐదింటినీ గుణించాలి. నాలుగింటిని బయటివాడు ఇంట్లో కూర్చుని చెప్పగలడు. రోజుల లెక్క మాత్రం బోర్డు ఫైల్లోనే ఉంటుంది. మొదటి శాంపిల్ ఎప్పుడు తీశారన్నదాన్ని బట్టి ఆ సంఖ్య మారుతుంది, దాన్ని బట్టి మొత్తం మారుతుంది.

కొలతలను నిరంతరం చూపించే ఏర్పాటు లేదా అంటే ఉంది. తీవ్ర కాలుష్యం కలిగించే 17 రకాల పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని కేంద్ర బోర్డు 2014 ఫిబ్రవరిలో ఆదేశించింది. పర్యావరణ్ సురక్షా సమితి కేసులో 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఆ అంకెలు జనానికి కనబడేలా బోర్డుల పోర్టళ్లలో పెట్టాలంది. తమిళనాడులో చెన్నై నుంచే ఈ మీటర్లను గమనించే కేంద్రం ఉంది. కానీ చిన్న పట్టణపు అచ్చు ప్రెస్సులు, అద్దకం షెడ్లు, అగ్గిపెట్టెల కార్ఖానాలు ఆ 17లో లేవు. మీటరు ఉన్నచోట కూడా ఇప్పటి అంకె కనబడితే నిన్నటిది కనబడదు. గడియారం ఉంది, క్యాలెండర్ లేదు.

బోర్డుల పారదర్శకతను ఎవరైనా పోల్చి చూశారా అంటే, ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2021లో ఆ పని చేసింది. వెబ్‌సైట్లలో ఏం పెట్టారన్నదాన్ని బట్టి మార్కులు వేస్తే ఒడిశా, తెలంగాణలకు చెరి 67 శాతం, తమిళనాడుకు 65.5. సగం మార్కులు దాటిన బోర్డులు మొత్తం 14. తెలంగాణ మొదటి స్థానం చూసి తెలుగువాళ్లం సంతోషించవచ్చు, తప్పేం లేదు. కానీ ఆ మార్కులు ఏం ప్రకటించారన్నదానికి. ప్రకటించింది నిజమా, సరిపోతుందా అన్న పరీక్ష అది కాదు.

ఆ తెలంగాణలోనే పటాన్‌చెరు ఉంది. శివకాశి కథకు అన్నలాంటి కథ. ఉమ్మడి మెదక్ జిల్లాలో మందుల కంపెనీల వ్యర్థాలు నక్కవాగులోకి చేరి పొలాలు, చెరువులు పాడైన సంగతి మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. 2001లో అది హైకోర్టుకు, 2013లో హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి బదిలీ అయి, 2017లో తీర్పుకొచ్చింది. ఈ మధ్యలో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది, దాని నీళ్లను అంబర్‌పేట దాకా తీసుకుపోయే 18 కిలోమీటర్ల గొట్టం వచ్చింది, జిల్లా జడ్జిలు నష్టపరిహారం లెక్కలు కట్టారు. కాగితాలు బండ్లకొద్దీ పుట్టాయి. అయినా 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు ఆ శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే చోటది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది.

ఆ రోజు బోర్డు తన రిజిస్టర్లన్నీ ఊరి నడిబొడ్డున కుప్పపోసినా ఈ సంఖ్య మనకు కనబడేది కాదు. కన్సెంట్ షరతుల్లో యాంటీబయోటిక్ మాటే లేదు. కేంద్రం 2020 జనవరిలో 121 యాంటీబయోటిక్‌లకు హద్దులతో ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పట్టిక అందులోంచి జారిపోయింది. పటాన్‌చెరుకు స్వీడన్, శివకాశికి జపాన్. మన నీళ్లలో ఏముందో మనకు చెప్పింది, మన బోర్డు అడగని ప్రశ్న వేసిన పరదేశులు. సమాచార హక్కు గురించి మాట్లాడేవాళ్లంతా, నాతో సహా, ఉన్న కాగితాన్ని బయటికి లాగడం మీదే దృష్టి పెట్టాం. కాగితంలో ఏయే వరసలు ఉండాలో నిర్ణయించే గదిలో మనకు చోటు లేదన్న సంగతి ఆలస్యంగా తట్టింది.

మిగతా పెద్ద కేసులను ఈ కంటితో చూస్తే ఒక్కొక్కటి ఒక్కో పాఠం. హైదరాబాద్ హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల దగ్గర నూనె కార్ఖానా మీద నడిచిన ఆంధ్రప్రదేశ్ బోర్డు, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో సుప్రీంకోర్టు 1999లో, ప్రమాదం లేదని రుజువు చేయాల్సిన భారం కార్ఖానా పెట్టేవాడిదేనంది. వెల్లూరు తోళ్ల కార్ఖానాల మీద 1996లో వచ్చిన తీర్పు ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఆ కార్ఖానాలు పాడుచేసిన పాలారు నది మీద 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్లీ తీర్పు చెప్పాల్సి వచ్చింది. ముప్ఫై ఏళ్లకు దగ్గరగా అమలు ఏమైనట్టు? తిరుప్పూరులో అద్దకం యూనిట్లను 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు మూయించింది, చుక్క నీరు బయటికి వదలకూడదనే జీరో డిశ్చార్జ్ షరతు అక్కడే గట్టిపడింది. ఈ షరతులో ఓ తమాషా ఉంది. కాగితం మీద విడుదల సున్నా కనుక కొలవడానికి తూము ఉండదు. సున్నా అని రాసి ఉన్నచోట పొరుగు బావులను కొలవాలి, ఉప్పు మడ్డి గోతులను చూడాలి. ఆ బావుల అంకెలు ఏ కన్సెంట్ పేజీకీ జతపడవు.

కోవిల్పట్టివాళ్లకు ఇంకా దగ్గరిది తూత్తుక్కుడి స్టెరిలైట్ రాగి కార్ఖానా. జిల్లా ఒకటే. చెల్లుబాటయ్యే కన్సెంట్ లేకుండా చాలాకాలం నడిపినందుకు సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 2న 100 కోట్ల రూపాయలు కట్టమంది. 2018 మార్చి 31తో కన్సెంట్ గడువు ముగిసింది. ఏప్రిల్ 9న బోర్డు పొడిగించనంది. కారణాల్లో ఒకటి, భూగర్భ జలాల పరీక్ష నివేదికలు ఇవ్వకపోవడం. మరొకటి, ఉప్పారు నది వెంబడి పోసిన రాగి చిట్టెం తీయకపోవడం. మే 22, 23 తేదీల పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయారు. మే 28న ప్రభుత్వం శాశ్వతంగా మూసేయమంది, 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. నీటి నివేదికలు ఇవ్వలేదన్నది ఏప్రిల్ నాటి ఉత్తర్వులో ఉంది. అవి ప్రతిసారీ గడువు నాడే ఊళ్లో బోర్డు మీద కనబడి ఉంటే అని అనిపించక మానదు.

వీటన్నిటిలోనూ సమాచారం బయటికొచ్చిన దారి కోర్టు. అఫిడవిట్లు, కమిటీ నివేదికలు, తీర్పులు. అందుకే 2024లో నీటి చట్టానికి వచ్చిన సవరణ నాకు గుచ్చుకుంది. చాలా తప్పులకు జైలు తీసేసి 10 వేల రూపాయల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టారు. మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు, తర్వాత తీర్మానం చేసిన రాష్ట్రాలకు వర్తిస్తుంది. జైలు భయం ఎప్పుడైనా పనిచేసిందా అన్న వాదన ఒప్పుకుంటాను, కేసులు ఏళ్లు నడిచి కొట్టుకుపోయేవి. కానీ కోర్టులో కేసంటే రికార్డు బయట ఉంటుంది. అధికారి గదిలో జరిమానా తేలితే ఆ ఉత్తర్వు ఎక్కడ వేలాడదీస్తారు? బోర్డులు నష్టపరిహారం విధించవచ్చని 2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టు ఢిల్లీ కేసులో తేల్చింది. బోర్డు చేతిలోకి అధికారం పెరుగుతున్నకొద్దీ దాని ఉత్తర్వులు చదవగలగడం ఇంకా అవసరం.

ప్రపంచంలో బాగా చేసినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో 1972 చట్టం కింద అనుమతి ఉన్న ప్రతి తూము వాడూ తన కొలతలు తానే పంపాలి. 2002 నుంచి వాళ్ల ఎకో అనే డేటాబేసులో ఊరి పేరు కొడితే అనుమతి, కొలత, తనిఖీ, జరిమానా ఒకే చోట దొరుకుతాయి. విషపదార్థాల వివరాలు ఏటా ప్రకటించాలన్న వాళ్ల 1986 చట్టం వెనక ఉన్నది మన భోపాల్. ఇక్కడ పోయిన ప్రాణాలకు అక్కడ తెలుసుకునే హక్కు పుట్టింది. చైనాలో పర్యావరణవేత్త మా జున్ 2006లో మొదలుపెట్టిన సంస్థ కొత్త శాంపిళ్ల వెంట పడకుండా, ప్రభుత్వం వేర్వేరు చోట్ల ప్రకటించిన ఉల్లంఘనలనే ఏరి పటం మీద పెట్టింది. సరుకు కొనే విదేశీ కంపెనీలు ఆ పటం చూసి కార్ఖానాలను నిలదీశాయి. ఎగుమతి అచ్చు పనులు చేసే శివకాశిలో ఇలాంటి పటం పనికొస్తుందని నా నమ్మకం. కోర్టు మాట కంటే కొనుగోలుదారు మాట త్వరగా చెవికెక్కుతుంది.

అంతదాకా మన చేతిలో ఉన్నది పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు. దాన్ని రాయడంలోనే సగం ఉంది. ‘మా ఊళ్లో కాలుష్యం చేసే కార్ఖానాల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ‘అలాంటి జాబితా లేదు’ అని వస్తుంది, చట్టప్రకారం అది తప్పు జవాబు కూడా కాదు. ఫలానా సర్వే నంబరులో నడుస్తున్న యూనిట్ తాలూకు ప్రస్తుత నడుపు అనుమతి నకలు, గత మూడేళ్ల 21వ సెక్షన్ శాంపిళ్ల విశ్లేషణ నివేదికలు, తనిఖీ నివేదికలు, 33ఏ కింద ఇచ్చిన ఆదేశాలు, వాటి ఉపసంహరణలు అని విడివిడిగా అడగాలి. ఫైలు చూసే అవకాశం కూడా అడగాలి, నకలు కంటే చూపు ఎక్కువ చెబుతుంది. వ్యాపార రహస్యం అంటూ 8(1)(డి) చూపిస్తే, బయటికి వదిలిన నీళ్లు రహస్యం ఎలా అవుతాయని అప్పీలులో అడగొచ్చు. ఇక 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం, వ్యక్తిగత సమాచారాన్ని మినహాయించే 8(1)(జె)ని మార్చేసింది. శివకాశి షెడ్లు చాలావరకు ఒక్కరి పేరు మీద ఉంటాయి గనుక ‘వ్యక్తిగత సమాచారం’ అన్న జవాబు ముందుముందు పెరగవచ్చు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న 8(2) మాత్రం చెక్కుచెదరలేదు.

దరఖాస్తు ఇంగ్లీషులోనో హిందీలోనో ఆ ప్రాంతపు అధికార భాషలోనో ఉండాలని సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. అంటే కోవిల్పట్టి తెలుగు రైతు తమిళంలో అడగాలి. అతనికి ఇబ్బంది లేదు, తమిళం అతను చదివిన భాషే. జవాబుతో వచ్చే విశ్లేషణ నివేదిక మాత్రం ఇంగ్లీషులో, బీవోడీ, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) అంకెలతో ఉంటుంది. హద్దు పక్క వరసలో ఉందని, దాటినదాని కింద ఎవరూ గీత గీయరని చెప్పే మనిషి ఊళ్లో ఒక్కడు ఉంటే చాలు. ఇక నీటి చట్టం 49వ సెక్షన్‌లో ఇంకో తలుపుంది. బోర్డుకు 60 రోజుల నోటీసిచ్చి ఎవరైనా స్వయంగా కోర్టుకు ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు బోర్డు తన దగ్గరున్న నివేదికలు అడిగినవాడికి ఇవ్వాలి, ప్రజాప్రయోజనానికి విరుద్ధమనిపిస్తే తప్ప.

పరిశ్రమల మీద ఇంత రాశాక ఊరి మురుగు గురించి చెప్పకపోతే అన్యాయం. స్థానిక సంస్థలకూ కన్సెంట్ కావాలి. కేంద్ర బోర్డు 2021 నాటి లెక్కలో దేశంలో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడితే నిజంగా శుద్ధి అయింది 20,236 మాత్రమే. కౌశిక నదిలోకి విరుదునగర్ మురుగు చేరుతోందన్న ఫిర్యాదు పాతదే. కాలుష్య నదుల జాబితా 2018లో 351 భాగాలు, 2022లో 311. బోర్డు కొలిచే కేంద్రాలున్న నదులే ఆ జాబితాకు ఎక్కుతాయి. కొలవని నది మంచిదని జాబితా చెప్పదు, చదివేవాళ్లు అలా అనుకుంటారు.

విరుదునగర్ జిల్లాలో ఈ కొలతకు ఇప్పుడొక గడువు వచ్చిపడింది. 2023 మార్చిలో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర టెక్స్‌టైల్ పార్కుల్లో ఒకటి వరంగల్‌ది, ఒకటి ఈ జిల్లాలోని ఇ. కుమారలింగాపురంది. ఇక్కడ 1,052 ఎకరాలు. బట్ట పరిశ్రమలో నీళ్లను పాడుచేసేది అద్దకం. కరిసల్ నేలలో చాలా బావులు ముందునుంచీ ఉప్పుతేలినవే. రేపు ఎవరైనా బావి చెడిందంటే ‘ఇక్కడి నీళ్లు ఎప్పుడూ ఇంతే’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబు నిజమో కాదో తేల్చేది ఈ రోజు తీసిన అంకె ఒక్కటే. పార్కు చుట్టూ ఉన్న ఊళ్లలో, ఊరణి పక్కన, ప్రతి బావి నుంచి ఒక సీసా. తారీఖు, సర్వే నంబరు, పరీక్షించిన ల్యాబు పేరు, ఫలితం, పంచాయతీ గోడ మీద తమిళంలో. పరీక్షల పట్టికలో బీవోడీ కింద ఒక వరస ఖాళీగా వదిలి, ఆ వరసలో ఏం రాయాలో ఊరివాళ్లను అడగాలి. అద్దకం తొట్టెలో మొదటి రంగు కలిపే రోజు లోపల ఇది కావాలి.